పళ్ళ దవాఖాన గోడ మీది నా ఫొటో దింపించుట గురించి

కాశిబుగ్గ, వరంగల్లు
తేది: 21-11-1988

వరంగల్లు జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
కాశిబుగ్గ నివాసి, బ్యాండు మేళం మాస్టరు, వయస్సు యాభై ఆరు సంవత్సరములు గల దేవదానం స్వహస్తముతో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దవడ ఎముకలో మరలు దిగగొట్టి వాటిపై నిలిపిన కింది పళ్ళ సెట్టు ఖరీదు మరియు నాణ్యతపై ఫిర్యాదు – సదరు పళ్ళ దవాఖాన గోడ మీద వేలాడుచున్న నా ఫొటోను తక్షణం దింపించుట – రఘునాథపల్లి రాజక్క దవడకు వైద్యం చేయించుట – గురించి.

పై విషయములో తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీ పొడుగైనందుకు ముందుగా క్షమించగలరు. తమ కచేరి ముందు టైపు మిషను పెట్టుకుని కూర్చునే నర్సయ్య, "ఒక్క పేజీల కొట్టిస్త మామా. గీ కతంత రాస్తె సారు సదువుతడా?" అన్నాడు. నేను క్రైస్తవ మిషను బడిలో ఏడవ తరగతి దాకా చదివినవాడిని. ఒక్క పేజీలో పట్టే బాధ అయితే అతనితోనే కొట్టించేవాడిని.

1. నేను ముప్పై నాలుగు సంవత్సరములుగా క్లారినెట్ వాయించి బతుకుచున్నాను. పెళ్ళి బరాతులకు, జెండా పండుగలకు, మా క్రైస్తవుల శవయాత్రలకు మా మేళం పోతుంది. క్లారినెట్టుకు ఊపిరి ఒక్కటే చాలదని తమరు గమనించగలరు. పై పళ్ళు మౌత్‌పీసును పైనుంచి పట్టుకోవాలి. కింది పెదవిని కింది పళ్ళ మీదికి మడిచి, ఆ పెదవి మీద రీడు అనే సన్నని రెల్లు రేకును ఆనించాలి. కింది పళ్ళు లేకపోతే పెదవికి ఆధారం లేదు, ఆధారం లేని పెదవి మీద రీడు పలకదు, కీచుమంటుంది. నా పై పళ్ళు దేవుని దయ వలన చాలావరకు నావే. కిందివి మాత్రం 1985 నాటికి ఒక్కొక్కటిగా సెలవు తీసుకున్నాయి.

మొదట అందరూ పెట్టించుకునే మామూలు సెట్టే పెట్టించుకున్నాను. మరిపెడలో ఒక బరాతులో పాట పైకి ఎత్తుకునే చోట గట్టిగా ఊదగా, ఆ సెట్టు నోట్లోంచి ఎగిరి పెళ్ళికొడుకు కూర్చున్న జీపు ముందర పడింది. డ్రైవరు పాము అనుకున్నాడో ఏమో బ్రేకు తొక్కాడు. పెళ్ళికొడుకు ముక్కు ముందరి అద్దానికి కొట్టుకుంది. ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, అది కాదు నా బాధ. పాట మధ్యలో ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్ళలో నేను పాట మధ్యలో ఆపడం అదే మొదలు. ఆ సీజనులో మాకు రావలసిన పెళ్ళిళ్ళు సగం రాలేదు. మమ్మల్ని పళ్ళ మేళం అనడం మొదలుపెట్టారు.

2. ఖరీదు విషయం. ఇట్లుండగా హనుమకొండ చౌరస్తా దగ్గర వీరభద్రం అనే పళ్ళ డాక్టరు కొత్తగా దవాఖాన తెరిచాడు. బొంబాయిలో పది రోజులు ఉండి ఈ మరల విద్య నేర్చుకుని వచ్చానని చెప్పాడు. గడ్డం వైపు ఎముకలో రెండు మరలు దించి, వాటి తలల మీద రెండు బొత్తాలు పెట్టి, రవికె టిచ్ బొత్తాలు నొక్కినట్టుగా పళ్ళ సెట్టును వాటి మీద నొక్కి కూర్చోబెడతారు. ఊదినా, తుమ్మినా, అరిచినా ఊడదు. మొత్తం రెండు వేలు అన్నాడు.

నోరు కోసిన తరువాత లెక్క మారింది. మరలు వేరు, బొత్తాలు వేరు, ఎక్స్‌రే వేరు, బొంబాయి నుంచి తెప్పించిన ఖర్చు వేరు. నోట్లో కుట్లు ఉండగా బేరమాడే వీలు లేదని తమరు ఊహించగలరు. చేత్తో సైగ చేసి ఇంతెందుకని అడిగితే, "ఏనుగును కొన్నవాళ్ళు అంకుశానికి వెనకాడితే ఎట్లా, దేవదానం గారూ?" అన్నాడు. చివరికి నాలుగు వేల ఆరు వందలు అయింది. అందుకు నేను పొందిన రశీదు ఒక్కటే: "పళ్ళు శుభ్రపరచినందుకు నలభై రూపాయలు." పళ్ళు లేని దవడలో ఆయన శుభ్రపరచినది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ సొమ్ము కొరకు మా మేళం పెద్ద డ్రమ్మును అమ్మాను. ఇప్పుడు ప్రతి పెళ్ళికి మట్టెవాడ నుంచి డ్రమ్ము కిరాయికి తెస్తున్నాము. ఆ డ్రమ్ము మాదే.

3. నాణ్యత విషయం. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. అర్జీలో సొంత తప్పు రాసుకోకూడదని నర్సయ్య చెప్పినా రాస్తున్నాను.

పళ్ళు అమర్చే ముందు పై దవడకు కింది దవడ ఎట్లా కలుస్తుందో కొలత తీసుకుంటారు. డాక్టరు నా నోట్లో మైనం ముద్ద పెట్టి, "సహజంగా ఎట్లా మూస్తారో అట్లా మూయండి" అన్నాడు. అయ్యా, పొద్దున లేచింది మొదలు క్లారినెట్టుతో ఉండే నోటికి సహజం ఏమిటి? నేను సంచిలోంచి మౌత్‌పీసు తీసి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టుగానే పట్టుకుని చూపించాను. "ఇది నాకు సహజం" అన్నాను. ఆయన వద్దనలేదు. శభాష్ అన్నాడు. ఇట్లా కొలత ఇచ్చిన మనిషిని బొంబాయిలో కూడా చూడలేదన్నాడు. నాకు గర్వమనిపించింది. ఆ కొలతకే పళ్ళు తయారైనవి.

ఫలితం ఏమనగా, నోట్లో మౌత్‌పీసు ఉన్నంతసేపు ఆ పళ్ళు వజ్రాల్లాగా కూర్చుంటాయి. మౌత్‌పీసు తీసి నోరు మూస్తే ముందువి రెండు తగులుతాయి, వెనకవి ఒకదానినొకటి చూసుకుంటాయి తప్ప కలుసుకోవు. అన్నం నలగదు. కాబట్టి నేను పళ్ళు పెట్టుకుని వాయిస్తాను, పళ్ళు తీసి తింటాను. మా ఇంటామె ఏసమ్మ మొదటి రోజు కంచం ముందు కూర్చుని ఇది చూసి, "ఊదెటప్పుడు వెట్టుకుంటవు, తినెటప్పుడు తీస్తవు. లోకమంత తినెతందుకు పళ్ళు వెట్టిచ్చుకుంటె, నువ్వు డ్రమ్మమ్మి ఊదె పీకెకు పళ్ళు వెట్టిచ్చినవా?" అని అడిగింది. ఆమె ప్రశ్నను కూడా ఈ అర్జీకి జతపరచుచున్నాను.

4. రఘునాథపల్లి రాజక్క విషయం. ఇది రాయడానికి చేయి రావడం లేదు. మిగతావి రాసి దీనికి వస్తాను.

5. బొత్తాల విషయం. ఇవి ఎన్నటికీ తుప్పు పట్టని విలాయతీ లోహం అన్నాడు. అయ్యా, నేను చదువు తక్కువవాడినే గాని, క్లారినెట్టు మీటలను శనివారం శనివారం ముప్పై నాలుగేళ్ళుగా తోముచున్నవాడిని. నికెల్ పూత అరిగితే కింద ఇత్తడి ఎట్లా బయటపడుతుందో, ఆ ఇత్తడి తడి తగిలితే ఎట్లా చిలుమెక్కుతుందో నాకు ఒకరు చెప్పనక్కర లేదు. ఈ సంవత్సరం జూన్ నెలలో అద్దం ముందు సెట్టు తీసి చూసుకోగా, ఎడమ బొత్తం అంచున పచ్చని చిలుము కనబడింది. వేలితో తుడిచి వాసన చూశాను. ఇత్తడి.

ఈ తేదీని తమరు గుర్తు పెట్టుకోవలసినదిగా కోరుచున్నాను. జూన్ నెల. నాకు జూన్‌లోనే తెలుసు.

డాక్టరుకు చూపించితే, కొత్తలో అట్లాగే ఉంటుందని, ఆరు నెలలకొకసారి బొత్తాలు మార్చుకోవాలని, ఒక్కొక్కటి మూడు వందలని సెలవిచ్చాడు. సెప్టెంబరు నుంచి ఎడమ మర కూడా కదులుతున్నది. మూడో పాట దగ్గరికి వచ్చేసరికి చెవి దాకా పోటు వస్తుంది. పెద్ద దవాఖానలోని పళ్ళ డాక్టరమ్మ చూసి, దాన్ని తీయించుకోవాలన్నది. తీస్తే మళ్ళీ వాయించగలనా అని అడిగాను. ఆమె మంచిది, అబద్ధం చెప్పలేదు. వేరే పని ఏదైనా వచ్చునా అని అడిగింది.

6. ఫొటో విషయం. పళ్ళు పెట్టిన వారానికే వీరభద్రం నన్ను స్టూడియోకు తీసుకుపోయి, యూనిఫారం వేయించి, చేతిలో క్లారినెట్టు పెట్టి, నవ్వమని ఫొటో తీయించాడు. నిలువెత్తున పెద్దది చేయించి దవాఖాన బయటి గోడకు తగిలించాడు. కింద రంగులతో, "జిల్లాలో మొట్టమొదటి స్థిరమైన పళ్ళు – ఊదినా ఊడవు!" అని రాయించాడు. అప్పుడు నేను సంతోషించిన మాట వాస్తవం. చౌరస్తాలో రిక్షా దిగి, ఏ పనీ లేకపోయినా ఆ గోడ ముందు నుంచి రెండుసార్లు నడిచినవాడిని.

ఎవరైనా ఖర్చుకు జంకితే డాక్టరు, "ఫొటోలో ఉన్న మనిషి కాశిబుగ్గలోనే ఉంటాడు, పోయి అడగండి" అని పంపుతాడు. నలుగురు వచ్చారు. ముగ్గురు నాకైన అసలు ఖరీదు విని నా గడప దగ్గరే వెనక్కి తిరిగారు. నాలుగో మనిషి రాజక్క.

7. పోయిన సోమవారం నేను ఫొటో తీసేయమని అడగడానికి పోయాను. డాక్టరు నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు వేశాడు. "కొత్త మరలు, కొత్త బొత్తాలు, కొత్త సెట్టు, అన్నీ ఉచితంగా చేస్తాను. ఈసారి నమలడానికి కూడా పనికొస్తుంది. మాఘమాసం పెళ్ళిళ్ళ నాటికి మీరు వాయిస్తారు. ఈ కాగితం మీద ఒక్క సంతకం పెట్టండి, ఫొటో ఉన్నచోటనే ఉండనివ్వండి" అన్నాడు. ఆ కాగితంలో, నేను పూర్తిగా తృప్తి చెంది ఉన్నానని, ఏ నొప్పీ లేదని, ఇతరులకు కూడా సిఫారసు చేయుచున్నానని ఉన్నది. పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు.

నేను ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. మూడు రోజులు అలమారలో పెట్టి చూశాను. దాచకుండా చెప్పుచున్నాను, సంతకం పెట్టాలని నాకు చాలా అనిపించింది. క్లారినెట్టు లేకపోతే నేనేమిటో నాకు తెలియదు. మేళంలో ఏడుగురి కడుపులు కూడా దాని మీదనే ఉన్నవి.

ఇక 4వ అంశము.

జూలై నెలలో రాజక్క మా ఇంటికి వచ్చింది. రఘునాథపల్లిలో వ్యవసాయం చేసుకునే మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. చిగుళ్ళ జబ్బుతో పళ్ళన్నీ పోయినవి. వట్టి చేతులతో రాలేదు, కొంగులో రెండు శేర్ల పల్లికాయ కట్టుకుని వచ్చింది. "మూడేండ్ల సంది జొన్నరొట్టె నీళ్ళల్ల నానవెట్టుకొని తింటాన అన్నా. కరకర నమిలి తినాలని పానం కొట్టుకుంటాంది. బర్రెను అమ్ముదామనుకుంటాన. డాక్టరేమొ నిన్నడుగుమన్నడు. నువ్వొక్క మాట జెప్పు, నొయ్యదా?" అని అడిగింది.

నేను "ఏం ఫికర్ లేదు చెల్లె" అన్నాను.

జూన్‌లో పచ్చ చూసినవాడిని, జూలైలో ఈ మాట అన్నాను. ఎందుకన్నానంటే, ఆ గోడ మీద నా ఫొటో ఉన్నది కాబట్టి. జిల్లాలో మొట్టమొదటివాడిని కాబట్టి. పళ్ళ మేళం అన్నవాళ్ళంతా ఆ ఫొటో చూసి నోరు మూసుకున్నారు కాబట్టి. బొత్తాలు ఇత్తడివని చెబితే నేను మళ్ళీ మరిపెడలో జీపు ముందర నిలబడ్డట్టే. ఆమె నమ్మకం కోసం క్లారినెట్టు తీసి ఒక పాట కూడా వాయించాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది. "గింత గట్టిగ ఊదితెనే ఊడకపోతె, నా రొట్టెకేం గావాలె" అన్నది.

తరువాత ఒక పల్లికాయ ఒలిచి గింజ నా చేతిలో పెట్టి, "గిదొక్కటి నమిలి సూపియ్యి అన్నా, నా తుర్తికి" అన్నది.

అయ్యా, ఆ పళ్ళతో నేను పల్లిగింజ కాదు, ఉడికిన మెతుకు నమలలేను. ఏసమ్మ వంటింటి గడపలో నిలబడి నన్నే చూస్తున్నది. నేను గింజ నోట్లో వేసుకున్నాను. బుగ్గలోకి తోసి, నాలుగుసార్లు పెదవులు ఆడించి, మొత్తంగా మింగాను. "చూసినవా?" అన్నాను. ఆమె "సూసిన" అన్నది. దండం పెట్టి పోయింది.

ఆగస్టులో ఆమె బర్రెను అమ్మి మరలు వేయించుకున్నది. దసరా నాటికి దవడ వాచింది. ఇప్పుడు చీము కారుచున్నది. పోయిన గురువారం, ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒకసారి ఆమెను చూసి వద్దామని బస్సెక్కి రఘునాథపల్లికి పోయాను. నన్ను నేను మోసపుచ్చుకోవడానికే పోయాను. బాగానే ఉన్నదని ఎవరైనా చెబితే సంతకం పెట్టవచ్చని.

రాజక్క గడ్డం కింది నుంచి నెత్తి మీదికి గుడ్డ కట్టుకుని మంచంలో ఉన్నది. ఒక పక్క ముఖం గుర్తు పట్టేటట్టు లేదు. గంజి తప్ప ఏమీ పోవడం లేదట. వీరభద్రం దగ్గరికి నాలుగుసార్లు పోతే మాత్రలు ఇచ్చి పంపాడు. మొన్న ఆమెను చూసిన పెద్ద దవాఖాన డాక్టరమ్మ, చీము ఎముకలోకి పోయింది, వారం పది రోజులలో ఆపరేషన్ చేయాలి, లోపల ఏ లోహం ఎంత లోతున దించారో తెలియాలి, పాత ఎక్స్‌రే తీసుకురమ్మన్నది. వీరభద్రం ఆ ఎక్స్‌రే ఇవ్వడం లేదు. పోయింది అంటున్నాడు.

నేను మంచం పక్కన కూర్చుని, ఆ రోజు గింజ నమలలేదు చెల్లె, మింగిన, అని చెప్పాను. పచ్చ సంగతి కూడా చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను, ఒకవేళ తిడితే కొంత తేలికగా ఉండేది. ఆమె గుడ్డ కొంచెం వదులు చేసుకుని మెల్లగా అన్న మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"నువ్వు మింగినవని నాకెర్కే అన్నా. నీ గొంతు కదిలింది, దవడ కదల్లే. సూసిన. సూసి గూడ, గింత పెద్దమనిషి అబద్ధమాడతడా, నా కండ్లే మంచిగ లేవేమో అనుకున్న."

ఆ రోజు నుంచి నేను సంతకం పెట్టలేదు, క్లారినెట్టు కూడా ముట్టుకోలేదు.

కనుక తమరిని వేడుకొనునది: సదరు వీరభద్రం వద్ద నుంచి రాజక్క ఎక్స్‌రేను, ఆమె దవడలో దించిన మరల వివరాలను ఈ వారంలోనే తెప్పించి పెద్ద దవాఖానకు అందజేయించి, ఆమెను చేర్చుకుని ఆపరేషన్ చేయునట్లు హుకుం ఇవ్వవలెను. బస్సులో పోయే స్థితిలో ఆమె లేదు కాబట్టి బండి ఏర్పాటు చేయించవలెను. ఆయన ఇంతవరకు ఎందరికి ఈ మరలు వేశాడో విచారించవలెను. నా ఫొటోను దింపించవలెను. ఇది గురువారం లోపల జరిగితే మంచిది, ఎందుకంటే ఊళ్ళ నుంచి మనుషులు గురువారమే ఎక్కువగా వస్తారు.

నా నాలుగు వేల ఆరు వందల గురించి తరువాత చూడవచ్చు. చూడకపోయినా నేను మళ్ళీ అర్జీ పెట్టను. విచారణలో ఆమెకు అబద్ధపు సాక్ష్యం ఇచ్చినవాడు ఎవరని ప్రశ్న వస్తే నా పేరు రాసుకోవలసినది. ఇంటి నంబరు కవరు మీద ఉన్నది.

నా మాట పక్కన పెట్టి అయినా సరే, ఆమె మాటను ముందుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దేవదానం
బ్యాండు మాస్టరు

జతపరచినవి:
నలభై రూపాయల రశీదు ఒకటి.
సంతకం లేని తృప్తి కాగితం ఒకటి.
కింది పళ్ళ సెట్టు ఒకటి, గుడ్డలో కట్టి, బొత్తాలతో సహా. ఎడమవైపు పచ్చ చూడగలరు. తోమలేదు.

తా.క.: పళ్ళు జతపరచినందున, తమరు పిలిపించి అడిగితే నా మాట స్పష్టంగా ఉండదు. అందుకే ఇంత పొడుగున రాశాను. పళ్ళను సాక్ష్యం కింద ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకోవచ్చు, మాఘమాసానికి నాకు అక్కర లేదు. మేళంలో కట్టయ్య ట్రంపెట్టు మీద ఆ పాటలు నేర్చుకుంటున్నాడు.

ఇంకొక మనవి. ఇది ఏసమ్మ రాయమన్నది. ఫొటో దింపించిన తరువాత చించివేయకుండా మాకు ఇప్పించగలరు. నా నోట్లో పళ్ళున్న ఫొటో మా ఇంట్లో మరొకటి లేదు. గోడకు తగిలించము. పెట్టెలో అడుగున పెట్టుకుంటాము.